బావ కళ్ళు తెరిచిన ఫోటో

మా బావ బతికున్నన్నాళ్ళూ ఫోటోలో కళ్ళు తెరిచిన పాపాన పోలేదు. పెళ్ళి ఫోటోల్లో అక్క పక్కన నిలబడి నిద్రపోతుంటాడు. దుకాణం ప్రారంభించిన రోజు కత్తెర పట్టుకుని, రిబ్బను కత్తిరిస్తూ నిద్రపోతుంటాడు. ఆ రోజు వేలు తెగకపోవడం ఆయన అదృష్టం. ఫోటో తీసేవాడు ఒకటి, రెండు, మూడు అంటే సరిగ్గా మూడుకి రెప్పలు వాల్చేవాడు. సంగతి తెలిసి రెండుకే నొక్కితే రెండుకే వాల్చేవాడు. ఇంతా చేసి ఆయన వ్యాపారం కళ్ళజోళ్ళు అమ్మడం.

కళ్ళు తెరిచిన ఫోటో లోకం మొత్తం మీద ఒక్కటే ఉంది, గుర్తింపు కార్డు మీద. అక్కడి గుమాస్తా నాలుగైదుసార్లు తీసి, విసుగెత్తి కసిరితే, కనుగుడ్లు ఊడిపడేలా తెరిచాడు. పైగా ఆ గోరంత బొమ్మ మీద సగానికి ముద్ర కొట్టారు. ఆ కార్డు చూసి మా అక్క, "ఈయన్ని ఎక్కడ పట్టుకున్నారు?" అని అడిగింది.

అలాంటి మనిషి పోయిన చలికాలంలో, ఎవరూ ఫోటో తియ్యకుండానే కళ్ళు మూశాడు. గుండెపోటు. దుకాణంలో, కుర్చీలో కూర్చునే. కాసేపటిదాకా అక్క ఆయన కునుకు తీస్తున్నాడనే అనుకుంది. మరదల్నని నన్ను ఆయన ఏడిపించినంతగా ఎవరూ ఏడిపించలేదు. ఇక ఏడిపించేవాళ్ళు లేరని నేను వెక్కి వెక్కి ఏడ్చాను.

నాది పక్క వీధిలో డ్రై క్లీనింగ్ దుకాణం. పొద్దున తాళం తీసింది మొదలు సాయంత్రం తాళం వేసేదాకా ఊళ్ళోవాళ్ళ మరకలతోనే నా కాపురం. ఎవరైనా కోటు చేతికిస్తే నా చూపు మనిషి మీదకి పోదు, మరక మీదకే పోతుంది. "మరదలా, నీకు దేవుడు ప్రత్యక్షమైనా ముందు ఆయన కాలర్ చూస్తావు" అనేవాడు బావ.

ఆయన పోయాక ఆదివారాలు గడవలేదు. అక్కా బావా మా ఇంటికొచ్చి, బావ నా వంటని పొగిడి, మా ఆయనకి కన్ను కొట్టే రోజు అది. ఆ ఖాళీలో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉందని, మా ఆయన ఎప్పుడో మోజుపడి కొని, రెండు రోజులు మెడలో వేసుకు తిరిగి అటకెక్కించిన కెమెరాని దింపాను. లైబ్రరీ మేడ మీద ఆదివారం పొద్దున ఫోటోగ్రఫీ క్లాసులు జరుగుతాయని తెలిసి వెళ్ళి చేరాను.

అక్కడ నేర్పే మాస్టారు పత్రికలో ఫోటోగ్రాఫర్‌గా పనిచేసి రిటైరయిన మనిషి. ఆయన ఒకరి ఫోటోని మెచ్చుకోగా విన్నవాళ్ళు లేరు. నేను మొదటి వారం మా ఆయన్ని వీధిలో నిలబెట్టి తీసిన ఫోటో గోడ మీద పెద్దగా వేసి, చాలాసేపు చూసి, "ఏమ్మా, ఈయనకి నడినెత్తిన దీపస్తంభం మొలిచిందేంటి?" అన్నారు. క్లాసంతా నవ్వింది. నిజమే, వెనకాల స్తంభం ఉంది. నేను చూడలేదు.

"మనిషి ఎక్కడికీ పోడు. ముందు మనిషి వెనకాల ఏముందో చూడండి" అన్నారు ఆయన. ప్రతి వారం అదే మాట అనేవారు. చెవిటివాని ముందు శంఖం ఊదినట్టే అయ్యింది నా విషయంలో. ఎందుకంటే ఈలోగా ఎడిటింగ్ పాఠాలు మొదలయ్యాయి, నాకు పూనకం వచ్చింది.

మచ్చ మీద రుద్దితే మచ్చ పోతోంది. రసాయనం లేదు, ఆవిరి లేదు, కంపు లేదు. ఇన్నేళ్ళూ చేతులు కాల్చుకుని నేను చేసిన పని ఇక్కడ వేలితో అయిపోతోంది. మా ఆయన నెత్తిన ఉన్న స్తంభం తీసేశాను. ఆయన పుట్టుమచ్చ తీసేశాను. నుదుటి మీది గీతలు తీసేశాను. ఆ ఊపులో ఒక చెవి కూడా తీసేశాను. ఆయన చూసుకుని, "చెవి అక్కర్లేదనా, ఎలాగూ విననని?" అన్నాడు.

మాస్టారు ఇంకో మాట కూడా చెప్పారు. "అసలు ఫోటో ముట్టుకోవద్దు. దాన్ని అలాగే ఉంచి, దిద్దినదాన్ని వేరే పేరుతో దాచండి." ఇది నాకు మరీ వింతగా అనిపించింది. మరక వదిలించాక ఆ మరకని డబ్బాలో పెట్టి దాచుకునే డ్రై క్లీనర్ ఎక్కడైనా ఉంటుందా? దిద్దినదాన్ని అసలు దాని మీదే సేవ్ చేసేదాన్ని. శుభ్రంగా ఒక్కటే మిగిలేది.

సాధన చెయ్యడానికి ముఖాలు కావాలి కదా. మా ఆయన ఒక చెవితో ఎన్నాళ్ళు పనికొస్తాడు? అక్క దగ్గర దొరికాయి.

కళ్ళజోళ్ళ దుకాణంలో ఒక తంటా ఉంది. చూపు బాగా తగ్గినవాళ్ళు కొత్త ఫ్రేము పెట్టుకుని అద్దంలో చూసుకోవాలంటే పాత జోడు తియ్యాలి. తీస్తే అద్దంలో ముఖమే కనిపించదు, మసక ముద్ద కనిపిస్తుంది. అందుకని బావ వాళ్ళని నిలువుటద్దాలు బిగించిన గోడకి వీపు పెట్టి నిలబెట్టి, కొత్త ఫ్రేముతో దుకాణం ఫోన్లో ఫోటో తీసేవాడు. వాళ్ళు మళ్ళీ పాత జోడు పెట్టుకుని ఆ ఫోటోలో తమని తాము చూసుకునేవారు. ఈలోగా బావ, "చాలా బాగుందండి. మీకోసమే చేసినట్టుంది" అనేవాడు. ఏ ముఖానికి ఏ ఫ్రేమైనా ఆయన మాట మాత్రం అదే. తీసిన ఫోటోలు తుడిచేసే అలవాటు మాత్రం ఆయనకి లేదు. ఆయన పోయిన కొన్నాళ్ళకి ఫోన్ నిండిపోయి మొరాయించింది.

"ఇవన్నీ నీ కంప్యూటర్లోకి తీసేసుకుని ఫోన్ ఖాళీ చేసివ్వవే. కావాలంటే వాటి మీద నేర్చుకో. పాడైనా అడిగేవాళ్ళు లేరు" అంది అక్క.

నాకు పండగే. అన్నింట్లోనూ ఒకటే గొడవ: ముందు జోడు పెట్టుకున్న మనిషి, వెనకాల అద్దాల గోడ, అందులో బల్బులు, ఫ్రేముల అరలు, వీధి, పోయే వాహనాలు, సవాలక్ష చెత్త. ఒక మీట నొక్కితే కంప్యూటర్ మనిషిని పట్టుకునేది, ఇంకో మీట నొక్కితే వెనకాలదంతా ఊడ్చుకుపోయేది. దాని బదులు చక్కటి బూడిదరంగు పరిచేదాన్ని. వెనకాల ఏముందో చూసే ఓపిక నాకెక్కడిది? ఒకటి పూర్తవగానే సేవ్, ఇంకొకటి. ఇస్త్రీ చేసిన చొక్కాల్లా వరసగా తయారయ్యాయి. ఒక్క ఉంగరాల జుట్టావిడ మాత్రం లొంగలేదు. ఆవిడ జుట్టు దేవుడు కోపంలో ఉన్నప్పుడు చేసింది. సెలెక్ట్ చేస్తే ఒకసారి గుండు వచ్చేది, ఒకసారి హెల్మెట్ వచ్చేది. కొన్ని సాయంత్రాలు కుస్తీ పట్టి, తిట్టుకుని వదిలేశాను.

ఒక మధ్యాహ్నం అక్క దుకాణానికి వెళ్ళేసరికి, అక్క గిరాకీ లేక ఫ్రేములు తుడుస్తోంది. నన్ను చూసి గుడ్డ పక్కన పెట్టింది.

"నీ పని బాగా సాగుతోందా?"

"అదరగొడుతున్నా."

"అయితే మీ బావది ఒక ఫోటో చేసి పెట్టు. ఇక్కడ గోడకి పెడతాను." గోడ వంక చూసింది. "కళ్ళు తెరిచి ఉన్నది కావాలి."

"అక్కా, అది చరిత్రలో లేదు."

"తెలుసు." అక్క ఒక ఫ్రేము చేతిలోకి తీసుకుని దాన్ని తెరుస్తూ మూస్తూ కూర్చుంది. "నాకు ఆయన కళ్ళు గుర్తు రావట్లేదే. మీసం గుర్తుంది. గొంతు అయితే ఇప్పుడే విన్నట్టుంటుంది. నా ఫోన్లో ఉన్న వీడియోలన్నింట్లోనూ గొంతే ఉంది, తీసింది ఆయనే కాబట్టి. కళ్ళ దగ్గరికి వచ్చేసరికి మూసుకున్నవే కనిపిస్తున్నాయి. ఇంట్లో అన్ని ఫోటోలూ అవే కదా, వాటినే చూసి చూసి అసలువి పోయాయి. పొద్దున్నుంచి ఊళ్ళోవాళ్ళందరి కళ్ళూ చూస్తాను. ఆయనవి మాత్రం రావు. ఇదెంత భయంగా ఉంటుందో నీకు తెలీదు."

అలాంటప్పుడు నోరు మూసుకోవాలి. నేను మూసుకోలేదు. "నేను తెరిపిస్తాగా" అన్నాను.

ఇంటికెళ్ళి మొదలుపెట్టాను. ముందు గుర్తింపు కార్డులోని కళ్ళు తీసి పెద్దవి చేస్తే రెండు చింపిరి చుక్కలు వచ్చాయి. ఇంటర్నెట్లో దొరికిన ఎవరివో కళ్ళు పెడితే బావ నాకు బీమా అమ్మడానికి వచ్చినట్టున్నాడు. మా ఆయనవి పెట్టాను, పరమ నీరసం. చివరికి కిటికీ పక్కన కూర్చుని నా కళ్ళే ఫోటో తీసుకున్నాను. కాటుక చెరిపాను, కనుబొమలు మందం చేశాను, రెప్పలు బరువు చేశాను, దుకాణం ప్రారంభం నాటి బావ ముఖంలో అతికించాను. అతుకు ఎక్కడా తెలియలేదు. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

చట్రం కట్టించి తీసుకెళ్ళాను. అక్క దాన్ని గోడకి తగిలించింది, పైన చిన్న బల్బు పెట్టింది. చూసి, "బాగుంది" అంది. ఆ బాగుంది ఎలాంటిదో నాకు తెలుసు. ఉతికి తెచ్చిన కోటు పొట్టిగా అయినా గొడవెందుకని తీసుకుపోయేవాళ్ళు నాతో అంటారు.

రెండు వారాలకి అక్కే నా దుకాణానికి వచ్చింది, చంకలో ఫోటోతో. కోట్ల మధ్యలోంచి దారి చేసుకుని వచ్చి కౌంటర్ మీద బోర్లా పెట్టింది.

"ఇవి ఎవరి కళ్ళు?"

"బావవే."

"నా ముందు నీ వేషాలెయ్యకు. బిస్కెట్ ప్యాకెట్ విప్పితే చూస్తున్నాయి. దుకాణం పావుగంట ముందు కట్టేస్తే చూస్తున్నాయి. నిన్న గిరాకీకి, 'చాలా బాగుందండి' అనబోతుంటే నోట మాట రాలేదు. పక్కనుంచి ఎవరో 'అబద్ధమాడితే చెమడాలెక్కదీస్తా' అన్నట్టుంది. అప్పుడు వెలిగింది. ఇవి నాన్న కళ్ళు."

నేను ఫోటో తిప్పి చూశాను. నా కళ్ళు అచ్చం మా నాన్నవే అని పుట్టినప్పటినుంచీ అందరూ అంటారు. మా నాన్న జీవితంలో ఒక్క అబద్ధం ఆడలేదు, ఒక్కరిని సుఖంగా ఉండనివ్వలేదు. బావకీ ఆయనకీ ఉప్పూ నిప్పూ. అల్లుణ్ణి, 'ఆ అబద్ధాలకోరు' అని తప్ప పేరు పెట్టి పిలిచి ఎరగడు. అలాంటి మామగారిని తీసుకెళ్ళి అల్లుడి ముఖంలో కాపురం పెట్టాను. బావ ఉండి ఉంటే ఇంకోసారి పోయేవాడు.

నాకు నవ్వొచ్చింది. అక్కకి కూడా వచ్చింది. ఇద్దరం కోట్ల మధ్య నిలబడి కడుపుబ్బా నవ్వాం. నవ్వుతూ నవ్వుతూనే అక్క ఏడుపులోకి జారిపోయింది.

"ఇంకొన్నాళ్ళు దీన్ని చూస్తే ఆయన కళ్ళు ఇవే అనుకుంటానే. ఉన్న కాస్తా పోతుంది. వద్దు, నీకు దణ్ణం పెడతాను. ఇంక ప్రయత్నించకు."

అక్క వెళ్ళిపోయాక ఆ ఫోటోని ఉతకాల్సిన బట్టల కింద తోసేశాను. నా మీద నాకే ఒళ్ళు మండింది. సాయంత్రం ఇంటికెళ్ళి ఎవరి మీదైనా కసి తీర్చుకోవాలనిపించి, ఉంగరాల జుట్టావిణ్ణి తెరిచాను. నీ జుట్టో నా ప్రాణమో తేలిపోవాలి ఇవాళ అనుకున్నాను.

ఒక్కొక్క ఉంగరం చుట్టూ చేత్తోనే గీసుకుంటూ వెళ్ళాలి, వేరే దారి లేదు. బొమ్మని బాగా పెద్దది చేసి, ఎడమ చెవి దగ్గర మొదలుపెట్టాను. వెంట్రుకల అంచు ఎక్కడుందో తెలియాలంటే వెనకాల ఏముందో చూడాలి. జీవితంలో మొదటిసారి చూశాను. అద్దంలో బల్బు. అర. దాని పక్కన బూడిదరంగు చొక్కా. చొక్కాకి రెండో గుండీ లేదు. ఆ గుండీ నేనే కుడతానని తీసుకుని మర్చిపోయాను.

చెయ్యి ఆగిపోయింది. మెల్లగా పైకి జరిపాను. గుండెల దగ్గర ఫోన్ పట్టుకుని, ఫోన్ మీదుగా ఎదుటి మనిషిని చూస్తూ మా బావ. కళ్ళు తెరిచి.

తనని ఎవరైనా తీస్తే మూసుకునేవాడు గానీ, తానే తీసేటప్పుడు ఎందుకు మూసుకుంటాడు? కెమెరాకి అటువైపున్న మనిషి, పైగా ఎదురుగా అద్దాల గోడ. ఫోన్ కెమెరాకి దగ్గరున్నదీ దూరానున్నదీ అన్నీ స్పష్టమే.

ఒక్క క్షణం ఎగిరి గంతేశాను. మరుక్షణం మిగతా ఫోటోలు గుర్తొచ్చాయి. తెరిచాను. పంతులమ్మ వెనకాల బూడిదరంగు. వడ్రంగి వెనకాల బూడిదరంగు. కవల ముసలమ్మల వెనకాల బూడిదరంగు. ప్రతి ఒక్కరి వెనకా బావ ఉండి ఉంటాడు. ఒక రోజు నవ్వుతూ, ఒక రోజు విసుగ్గా, ఒక రోజు జలుబుతో. అన్నింటినీ నేనే తుడిచేశాను. ఫోన్ ఖాళీ చేశాను, అసలువి దాచలేదు. ఇన్ని కొంపలు ముంచిన నా పనితనం ఒక్క పిచ్చి జుట్టు దగ్గర ఓడిపోబట్టి ఒక్కటి మిగిలింది. మా ఆయన వచ్చి ఏమైందని అడిగితే, "నాకు ఎడిటింగ్ ఇంకా బాగా వచ్చుంటే బావ పూర్తిగా పోయేవాడు" అని చెప్పి భోరుమన్నాను. ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా పక్కన కూర్చున్నాడు.

పొద్దున్నే అక్క దుకాణం తెరవకముందే మెట్ల మీద కూర్చున్నాను. అక్క తాళాలు పట్టుకుని వచ్చింది. ఏమీ చెప్పకుండా ప్రింటు చేతిలో పెట్టాను.

"ఎవరీవిడ?"

"ఆవిణ్ణి కాదు. వెనకాల చూడు."

అక్క కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి, కాగితాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. తాళాలు చేతిలోంచి జారి మెట్టు మీద పడ్డాయి. వంగి తియ్యలేదు.

నేనూ రాత్రంతా ఆ కళ్ళనే చూశాను. ఎడమ కన్ను కాస్త చిన్నదైంది. కుడి కంటి కొసన ముడత పడింది. నవ్వొస్తోంది, ఆపుకుంటున్నాడు. ఉంగరాల జుట్టావిడ పెట్టుకున్నది పిల్లి కళ్ళ ఆకారంలో ఉన్న ఊదారంగు ఫ్రేము. ఆవిడ ముఖానికి అది అసలు నప్పలేదు.

"ఇప్పుడు ఏం చెప్పబోతున్నారో తెలుసా?" అంది అక్క.

"చాలా బాగుందండి."

"మీకోసమే చేసినట్టుంది." అక్క ముక్కు తుడుచుకుంది. "అబద్ధం చెప్పే ముందు ఇలాగే చూసేవారు. కూరలో ఉప్పెలా ఉందని అడిగితే ఇలాగే. నేను లావయ్యానా అంటే ఇలాగే. పెళ్ళయిన కొత్తలో, నాన్న పాట పాడి ఎలా ఉందని అడిగితే ఇదే చూపు. ఎలా మర్చిపోయానే దీన్ని? ఇవే కదా."

మిగతా ఫోటోల సంగతి చెప్పాను. అక్క నా వంక చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. "ఒకటుంది కదా" అంది.

బావ ఒక్కణ్ణే కత్తిరించి పెద్దది చేసిస్తానన్నాను. అద్దంలో కుడి ఎడమలు మారాయి కాబట్టి పాపిడి సరిచేస్తానన్నాను. గుండీ కూడా పెడతానన్నాను.

"నువ్వు దేని మీదా చెయ్యి వెయ్యకు" అంది అక్క. "కౌంటర్ దగ్గర కూర్చుని నేను ఆయన్ని చూసింది అద్దంలోనే. పాపిడి నాకు అటువైపే. ఆవిణ్ణి కూడా ఉండనీ. ఆవిడ లేకపోతే ఆయన ఎవర్ని చూసి నవ్వాపుకుంటున్నట్టు?"

అలా అద్దాల గోడ పక్కన, చిన్న బల్బు కింద, ఊదారంగు జోడుతో ఒక పరాయి ఆడమనిషి వెలిసింది. ఆవిడ భుజం వెనకాల, వెతికితే కనిపించేంత మా బావ. కొత్తగా వచ్చినవాళ్ళు అక్కని, "మీ చెల్లెలా పాపం? చిన్న వయసే" అని పరామర్శించేవారు. చెల్లెల్ని నేను పక్కనే నిలబడి ఉండేదాన్ని.

ఒక సాయంత్రం నేను అక్కడ ఉండగా తలుపు తోసుకుని ముందు జుట్టు వచ్చింది, తరవాత ఆవిడ వచ్చింది. ముఖానికి అదే ఊదారంగు జోడు. మర వదులైంది బిగించమని అడగబోయి, గోడ చూసి ఆగిపోయింది. ఫోటోనీ, పైన బల్బునీ చూసింది. చెయ్యి గుండె మీద పెట్టుకుంది.

"నేనెప్పుడు పోయానండీ?"

అక్క ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, క్షమించమని అడిగి, అద్దంలో ఉన్న మనిషిని వేలితో చూపించి సంగతంతా చెప్పింది. ఆవిడ లేచి గోడ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"ఈయనే నాకు ఈ ఫ్రేము అమ్మారు. ఇంటికెళ్తే అందరూ నవ్వారండీ. మా అమ్మాయైతే నాతో బయటికి రానంది. బాగుందన్నది ఈయనొక్కరే. ఆ మాట పట్టుకునే ఇన్నాళ్ళూ పెట్టుకుంటున్నా." మా వైపు తిరిగింది. "నిజం చెప్పండి. నాకు బాగుందా?"

అక్క ఆవిణ్ణి చూసింది. ఎడమ కన్ను కాస్త చిన్నదైంది. కుడి కంటి కొసన ముడత పడింది. మా నాన్న కూతురు, పుట్టి బుద్ధెరిగాక ఒక్క అబద్ధం సరిగ్గా ఆడలేనిది, రెప్ప వెయ్యకుండా అంది.

"చాలా బాగుందండి. మీకోసమే చేసినట్టుంది."

నా మెడలో కెమెరా ఉంది. ఎత్తాను. నొక్కబోయే ముందు వెనకాల ఏముందో చూశాను. వాళ్ళ వెనక అద్దంలో బల్బులు, అరలు, వీధి, ఒక పక్కన నేను. మా నాన్న కళ్ళు, నిండా నీళ్ళు. వాటిని తుడవకుండానే మీట నొక్కాను.